గడప లోపలి పేదరికము: కోనసీమ స్త్రీల శ్రమయు, సర్కారు లెక్కలును

గోదావరి సముద్రమును చేరబోవుచు గౌతమి, వసిష్ఠ యను పాయలుగా చీలి, నడుమ వైనతేయ యను మరియొక పాయను విడిచి, తన యొండ్రుమట్టితో తీర్చిన లంకల సీమకు కోనసీమ యని పేరు. 1832–33 నాటి డొక్కల కరువున గోదావరి తీరమంతయు అల్లాడిపోగా, 1847లో ధవళేశ్వరమున ఆర్థరు కాటను దొర ఆరంభించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియై, కాలువలు సాగి, గన్నవరమువద్ద వైనతేయపై కట్టిన అక్విడక్టు మీదుగా రాజోలు వైపు మాగాణులకు నీరు పారిన పిమ్మట, ఈ సీమ సార్వా దాళ్వా పంటలకును కొబ్బరి తోటలకును ఆటపట్టై సిరిగల నాడని ఖ్యాతి గడించెను. ఎన్ని యెకరములు తడిసినవో, శిస్తు ఎంత జమయైనదో, పంట ఎన్ని పుట్లు పండినదో దస్తరములలో చూచుకొనవచ్చును. ఆ సిరి ఇంటి గడప దాటిన తరువాత లోపల ఎవరెవరికి ఎంతెంత చేరినదను ప్రశ్నకు మాత్రము వానిలో జవాబు దొరకదు. లెక్క వేయు పద్ధతియే అట్టిది; అది ఇంటిని ఒక్క మనిషిగా భావించును. ఆ పద్ధతి కోనసీమ స్త్రీల విషయమున ఏమేమి చూచినదో, ఏమేమి చూడక విడిచినదో తెలిసికొనుటకు నూటనలువది యేండ్ల చరిత్రను కొంత తిరుగవేయవలసియున్నది.

భారతదేశమంతట ఒకే కాలమున జరిపిన మొదటి జనగణన 1881 ఫిబ్రవరి 17వ తేదీది. అందు స్త్రీ అవివాహితయా, వివాహితయా, విధవయా, వయస్సెంత యను వివరములు శ్రద్ధగా పట్టికలకెక్కినవి. అదే సంవత్సరము డిసెంబరు 11న రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులు మొదటి వితంతు వివాహమును జరిపించెను. అనగా బాలవితంతువుల సంఖ్య ఎంతయో దొరతనమునకు తెలియుటయు, వారి గతి యేమని నాడు ఒకడు లేచి నిలుచుటయు ఒక్క యేటి సంగతులే. అయితే పట్టికలు చెప్పినది ఆమె వైధవ్యమును మాత్రమే, ఆమె దారిద్ర్యమును గాదు. కోనసీమ అగ్రహారములలో పుట్టినింటనో మెట్టినింటనో ఒక మూలగది నాశ్రయించి, తెల్లవారుజామున మడి కట్టుకొన్నది మొదలు వంట, వడ్డన, అప్పడములు, వడియములు, ఆవకాయ జాడీల వరకు ఇంటి బరువునంతయు మోయు వితంతువు, ఆ యింటికి ముప్పది యెకరముల మాగాణి యున్నను, పుష్కరస్నానమునకు పోవలసివచ్చినచో బండి కిరాయికై తమ్ముని యెదుట చేయి చాచవలసినదే. మనోవర్తి కొరకు కోర్టు కెక్కిన ధైర్యవంతులకు ఏటా కొన్ని బస్తాల ధాన్యము దక్కెను. ఎక్కలేనివారికి అదియు లేదు. లెక్కలలో ఆమె సంపన్న గృహమునకు చెందిన వ్యక్తి.

పిమ్మటి జనగణనలు పేర్లు మార్చుచు వచ్చినవి. 1901లో ప్రజలను పనిచేయువారు, వారిపై ఆధారపడువారు అని రెండు తెగలు చేసిరి. 1931లో సంపాదించువారు, పనిచేయు ఆశ్రితులు, పనిచేయని ఆశ్రితులు అని తెగలు మూడైనవి; భర్తతో సమానముగ పొలమున పాటుపడిన భార్యకు రెండవ తెగలో చోటు దొరకెను. 1951లో స్వయంపోషకులు, కొంత సంపాదించు ఆశ్రితులు, ఏమియు సంపాదింపని ఆశ్రితులు అనిరి. ఏ పేరు పెట్టినను, ఇంటికొక పోషకుడుండునని, తక్కినవారు అతని నీడన బ్రతుకుదురని తలచుటలో తేడా రాలేదు.

ఈ తలంపు ఎంత దూరము పోయినదో తెలియుటకు లేసు పరిశ్రమకు మించిన నిదర్శనము లేదు. రాజోలు తాలూకా పడమటి యంచున సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి వసిష్ఠను దాటినచో ఆవలి యొడ్డున నరసాపురము. పందొమ్మిదవ శతాబ్ది నడుమ, 1844 ప్రాంతమున, స్కాట్లండు నుండి వచ్చిన మెక్రే యను మిషనరీ దంపతులు అక్కడి స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరని ఆ పరిశ్రమ చరిత్ర చెప్పును. మొదట నేర్చినవారు మాల, మాదిగ కులముల నుండి క్రైస్తవము స్వీకరించిన కుటుంబముల స్త్రీలు. తరువాత అది కాపుల యిండ్లకు ప్రాకెను. నది అడ్డము కాలేదు గనుక రాజోలు, అమలాపురము ప్రాంతముల అరుగులమీదను, పెరటి చూరుల క్రిందను ఆ సూదులే ఆడినవి. ఇరువదవ శతాబ్ది తొలినాళ్లకే ఈ అల్లిక సీమదేశములకు ఓడలెక్కి పోవుచుండెను.

ఆ పనిని దగ్గర కూర్చుండి చూచినగాని దాని సూక్ష్మము తెలియదు. కొనకు సన్నని కొక్కెము గల సూది కుడిచేత, ఎడమచేతి చూపుడువ్రేలికి చుట్టిన తెల్లని నూలుదారము. కొక్కెముతో ముడిలోనుండి ముడిని లాగుచు పోగా, గవ్వంత చక్రము, దానిచుట్టు రేకులు, రేకులచుట్టు మరియొక వరుస, కన్నులు దించినచోట దించినట్లే యుండగా, పూవొకటి విచ్చుకొనును. అన్నము ఉడుకుచుండగా నాలుగు వరుసలు, పిల్లవాడు నిదురించుచుండగా పది వరుసలు, మధ్యాహ్నము వేళ ఇరుగుపొరుగు స్త్రీలు గుమిగూడినప్పుడు మాటలతో బాటు మరికొన్ని. పూవులల్లు చేతిపని యొకరిది, కాజాకట్టు వేరొకరిది, ముక్కలను జతపరచి బల్లగుడ్డగనో మంచముదుప్పటిగనో తీర్చు అతుకుపని ఇంకొకరిది. దారము నిచ్చి, అల్లినదానిని తీసికొని, కూలి యెంతయో చెప్పి పోవువాడు ఏజెంటు. తాను అల్లిన పూవు ఏ దుప్పటిలో చేరినదో, ఆ దుప్పటి ఏ దేశమున ఎంతకమ్ముడుపోయినదో పూవల్లినదానికి తెలియు దారి లేదు.

1978–79లో మరియా మీస్ అను జర్మను సామాజిక శాస్త్రజ్ఞురాలు నరసాపురము చుట్టుపట్ల పల్లెలలో ఉండి ఈ స్త్రీల బ్రతుకును పరిశోధించి, 1982లో లండనున ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నరసాపూర్’ అను గ్రంథమును ప్రకటించెను. గోదావరి డెల్టాలో ఈ పని చేయు స్త్రీలు లక్షకు పైబడియుందురని ఆమె అంచనా. ఇంటిచాకిరి కాక దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటలు సూదిపట్టి కూర్చున్నదానికి ఆనాడు ముట్టినది దాదాపు అర్ధరూపాయి; పొలముకూలికి పోవు స్త్రీకి చట్టము విధించిన కనీస కూలిలో అది మూడవవంతునకు లోపు. ఎగుమతిదారులు ధనవంతులైరి, వారి పేర్లు వర్తకుల జాబితాలో కలవు, దారము పంచిన ఏజెంటులకును ఒక వృత్తి యున్నట్లు లెక్క. విదేశములకు పోవు వస్తువును తయారుచేసిన లక్షమంది మాత్రము జనగణనలో పనివారు కారు, గృహిణులు. పేదరికమును కొలుచువారికి ఆ గృహిణి కొంగున ముడివేసికొన్న అర్ధరూపాయి కనబడలేదు. దానికై ఆమె వెచ్చించిన ఎనిమిది గంటలును కనబడలేదు.

ఇందు తప్పంతయు దొరతనముదేయని నేననను. కాపుల యిండ్లలో ఘోషా పాటించుట గౌరవచిహ్నము. ఆడదానిని పొలముకూలికి పంపలేదనునది ఆ యింటి పరువు. లేసు ఆ పరువునకు భంగము రానీయక నాలుగు డబ్బులు తెచ్చిపెట్టు పని గనుకనే అంత వేగముగ వ్యాపించెను. గణకుడు వచ్చి అరుగుమీద కూర్చుండి, “మీ ఆవిడ ఏం చేస్తారండీ?” అని యడిగినప్పుడు, ఇంటాయన, “ఏం చేస్తాదండీ, ఇంటికాడే ఖాళీగా ఉంటాదండీ, ఆయ్!” అనుట సహజము. ఆ మాట అతని పరువునకు సరిపోయినది, గణకుని నిర్వచనమునకును సరిపోయినది. లోపల తలుపు చాటున సూది ఆడుచునే యుండెను. పొలమున బహిరంగముగ నడుము వంచిన మాలపల్లె స్త్రీ లెక్క కెక్కినది. తలుపు వెనుక కన్నులు పోగొట్టుకొన్న కాపు స్త్రీ ఎక్కలేదు. అందుచేత పనిచేయుట కులము తక్కువవారి లక్షణమనియు, పైకి వచ్చిన యింట స్త్రీలు విశ్రాంతిగా నుందురనియు ఆ పట్టికలు చూచినవారికి తోచినచో ఆశ్చర్యమేమి?

1961 జనగణనలో పనుల కాలమున ఎక్కువ రోజులు, దినమునకు ఒక గంటకు పైబడి పనిచేసినవారినెల్ల పనివారుగా వ్రాసిరి. దేశమున స్త్రీలలో నూటికి దాదాపు 28 మంది పనివారని తేలెను. 1971లో మనిషి ముఖ్యవ్యాపకమేది యని యడిగిరి. స్త్రీకి ముఖ్యవ్యాపకము వంటయేయని ఎవరికి వారే చెప్పుకొందురు గదా. ఆ సంఖ్య నూటికి 12కు పడిపోయెను. పదేండ్లలో ఈ దేశపు పనివారైన స్త్రీలలో సగమునకు పైగా సూదులు, కొడవళ్లు, చేటలు క్రిందపెట్టి పడుకొనలేదు, ప్రశ్న మారినది. 1974లో ఫుల్రేణు గుహ అధ్యక్షతన, వీణా మజుందారు కార్యదర్శిగా స్త్రీల స్థితిని పరిశీలించిన సంఘము ‘సమానత్వము వైపు’ అను నివేదికను సమర్పించి, అభివృద్ధి యంతయు స్త్రీలను వెనుకకు నెట్టుచున్నదని హెచ్చరించిన తరువాతనే ఈ లెక్కలను అనుమానించి చూచుట దేశమున పెరిగెను.

పనివారి లెక్క యిట్లుండగా పేదవారి లెక్క మరియొక త్రోవన నడచెను. 1950లో మహలనోబిస్ ఆధ్వర్యమున మొదలైన జాతీయ నమూనా సర్వే ఇంటింటికి పోయి, ముప్పది దినములలో ఆ యింట బియ్యమెంత, పప్పెంత, నూనె యెంత, బట్టకెంత అని యడిగి వ్రాసికొను పద్ధతిని పెట్టెను. 1962లో ఒక నిపుణుల బృందము తలకు నెలకు 20 రూపాయలు కనీసపు ఖర్చని తేల్చెను. 1979లో అలఘ్ నాయకత్వమున మరియొక సంఘము పల్లెలో 2400, పట్టణమున 2100 కెలొరీల ఆహారమును ఆధారముగ గొని, 1973–74 ధరలలో 49 రూపాయల 9 పైసలు, 56 రూపాయల 64 పైసలు అని గీతలు గీచెను. టెండూల్కరు సంఘపు పద్ధతి ననుసరించి 2011–12లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున పల్లెగీత 860 రూపాయలు, పట్టణపు గీత 1009. ఆ గీతకు దిగువనున్నవారు నూటికి 9.2 మంది.

గీత ఎక్కడ గీయవలెనను వాదములో ఉద్దండులు ఎన్నియో యేండ్లు గడపిరి. గీతకు ఎదురుగ నిలబెట్టుచున్నది ఎవరినను సంగతిపై అంత వాదము జరుగలేదు. అయిదుగురున్న ఇంట నెలకు అయిదువేలు ఖర్చయినచో తలకు వేయి. గీత 860 గనుక అయిదుగురును పేదలు కారు. ఆ అయిదువేలలో ఇంటాయన చుట్టలకును, సారాయికిని పోయినది కూడ కలసియున్నది. సర్వే పట్టికలో పొగాకు, మాదక పానీయములు ఇంటి వినియోగములో భాగములే. అనగా మగడు త్రాగిన సారాయి ఖరీదు భార్యను పేదరికపు గీతకు పైన కూర్చుండబెట్టగలదు! 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకొన్న సారా వ్యతిరేకోద్యమమున ఊరూర స్త్రీలు లేచి నిలిచినప్పుడు వారు చెప్పినది ఈ లెక్కనే. పట్టిక ఒకటే లేదు. ఇక భోజనము సంగతి. మగవారికి, పిల్లలకు, అత్తమామలకు వడ్డించిన తరువాత పులుసు అడుగున మిగిలినది తినుట మన యిండ్లలో ఎంత సామాన్యమనగా దానిని చెప్పుటయే అసందర్భముగ తోచును. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 యేండ్ల స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులని తేలినది. ఆ సర్వే ఆధారముగనే నీతి ఆయోగు లెక్కించిన బహుముఖ పేదరికము ఈ రాష్ట్రమున నూటికి 6.06. ఈ రెండు సంఖ్యలు ఒకే యిండ్లనుండి వచ్చినవి. మొదటిది ఆమె రక్తమును పరీక్షించి వ్రాసినది. రెండవది ఇంటిల్లిపాదికి కలిపి కట్టినది.

బహిరంగముగ పనిచేసిన స్త్రీ లెక్కకెక్కినదంటిని. ఎక్కిన తరువాత ఆమెకు దక్కినదేమి? స్వతంత్ర భారతమున 1950–51లో జరిగిన మొదటి వ్యవసాయ కార్మిక విచారణలో మగకూలి దినమునకు సగటున 17.5 అణాలు, ఆడకూలి 10.8 అణాలు. కోనసీమ చేలలో దమ్ము మగవానిది, ఆకుతీత, ఊడ్పులు, కలుపు ఆడువారివి అను విభజన పాతదే. మోకాలిలోతు బురదలో, వెనుకకు వెనుకకు నడచుచు, ముఠా కట్టి వరుస తప్పక నాటు ఊడ్పుపనికి నేర్పు అక్కరలేదని ఏ రైతును అనడు; కూలి దగ్గర మాత్రము అది నేర్పులేని పనియే. కోతమిషన్లు వచ్చి వారి కోతపనిని చాలవరకు హరించినవి. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పెట్టుబడి తిరిగిరాదని పంట విరామమును ప్రకటించి సార్వా మాని వేసినప్పుడు సర్కారు మోహనకందా సంఘమును నియమించెను. చర్చ మద్దతుధర, కాలువనీరు, కూలీల కొరత చుట్టు తిరిగెను. ఊడ్పులు లేని ఆ సార్వాలో ఊడ్చు స్త్రీ ఇల్లు ఎట్లు గడచినదను ప్రశ్నను ముందుకు తెచ్చినవారు అరుదు. అంబాజీపేట చుట్టుపట్ల కొబ్బరిదింపు, వలుపు మగవారి పనులు; వలచిన డొక్కలనుండి పీచు, పీచునుండి తాడు, ఆకునుండి ఈనెలు, ఈనెలనుండి చీపుళ్లు స్త్రీలకు మిగిలినవి. చెట్టుమీది పనికిని, చెట్టుక్రింది పనికిని ఉన్న కూలిభేదము ఎక్కినయెత్తును బట్టి యేర్పడినదని కొందరందురు. తాటి చెట్టెత్తు చాకిరి ఇంట నేలమీద కూర్చుండి చేయుచున్నవారు ఆ వాదమునొప్పుదురని నాకు తోచదు.

కొత్తపేట వైపు ఆత్రేయపురమునకు పోయినచో మరియొక చిత్రము. పొయ్యిమీద బోర్లించిన నున్నని కుండ, క్రింద ఎండిన కొబ్బరాకు మంట, ప్రక్కన పలుచని బియ్యపుపిండి నీరు. పలుచని గుడ్డను అందు ముంచి కుండవీపుపై ఒక్క విసురున పరచి తీసినంతలో కాగితముకంటె పలుచని రేకు లేచివచ్చును. విసురు రవంత ఆలస్యమైనచో రేకు మందమగును, తొందరైనచో చిరుగును. పొగకును సెగకును ఎదురుగా గంటల తరబడి కూర్చుండువారు స్త్రీలు. కూలి రేకుల లెక్కన. ఆత్రేయపురము పూతరేకులకు 2023లోను, నరసాపురము లేసునకు 2024లోను భౌగోళిక గుర్తింపు లభించెను. పూతరేకు ఆత్రేయపురముదేయని, లేసు గోదావరి సీమదేయని ఇప్పుడు చట్టము సాక్ష్యము చెప్పును. రేకు తీసినదానికిని, పూవల్లినదానికిని అట్టి సాక్ష్యము రావలసియేయున్నది.

అన్నిటికంటె వింతయైన లెక్క గల్ఫు దేశములకు పోయినవారిది. 1980 తరువాత రాజోలు, సఖినేటిపల్లి, మామిడికుదురు, మలికిపురము ప్రాంతములనుండి స్త్రీలు కువైటు, ఒమాను, ఖతరు దేశములకు ఇంటిపనికై వేలసంఖ్యలో పోవుచున్నారు. ఊరిలో వయసు చాలనిది పాసుపోర్టులో ముప్పది యేండ్లదగుట, అప్పుచేసి ఏజెంటునకు డబ్బు కట్టుట, పసిపిల్లను అమ్మమ్మ చేతిలో పెట్టి విమానమెక్కుట ఆ పల్లెలలో అందరెరిగిన కథ. 1990 ఆగస్టులో కువైటుపై ఇరాకు దండెత్తినప్పుడు కట్టుగుడ్డలతో తిరిగివచ్చి, శాంతి కుదిరిన పిమ్మట మరల పోయినవారును కలరు. ఆమె పంపిన సొమ్ముతో తాటాకిల్లు డాబా అయ్యెను, ఆడపిల్లకు పెండ్లి జరిగెను, మగపిల్లవాడు చదివెను. సర్వే మనిషి వచ్చినప్పుడు ఆ యింటి ఖర్చు గీతకు పైన నుండును. ఆ యింటి సభ్యుల జాబితాలో మాత్రము ఆమె పేరుండదు. ఆరు నెలలకు పైబడి ఇంట లేనివారు, ఆ వంటయింట తినని వారు ఆ యింటి మనుష్యులు కారని నియమము. ఇంటిని పేదరికమునుండి గట్టెక్కించినది ఆమె, ఇంటి లెక్కలో లేనిదియు ఆమెయే. పరాయి దేశమున ఆమె ఒక మూలగదిలో ఎట్లు పడియున్నదో కొలుచు పని మన సర్వేలది గాదు, ఆ దేశపు సర్వేలది అంతకంటె గాదు. అగ్రహారపు వితంతువునకును ఈమెకును నూరేండ్ల యెడము, కులమునందు ఆకాశమునకు భూమికి గల దూరము ఉన్నను, లెక్కవేయువారి చూపులో ఇద్దరి గతియు ఒక్కటే యగుట చరిత్రలో చిత్రమైన సామ్యము.

ఆస్తి సంగతి రెండు మాటలలో ముగింతును. 1937 చట్టము వితంతువునకు జీవితకాలపు హక్కునిచ్చెను. 1956 చట్టము దానిని సంపూర్ణము చేసెను. 1985–86లో ఆంధ్రప్రదేశ శాసనసభ దేశమునకంటె ఇరువది యేండ్లు ముందుగ కూతురికి ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానమైన భాగమిచ్చెను. పసుపుకుంకుమ క్రింద ఆడపిల్లకు అరయెకరమో యెకరమో వ్రాసియిచ్చుట గోదావరి సీమలో పూర్వాచారమే. ఆ పొలమునకు శిస్తు కట్టునది, కౌలు తీసికొనునది ఎవరో ఆ యింటివారికే యెరుక. కమతము ఎవరి పేరనున్నదో స్త్రీ పురుషుల వారీగా వ్యవసాయ గణనలో వ్రాయుట 1995–96 నుండి మాత్రమే మొదలైనది.

మార్పు రాలేదనుట అన్యాయము. 1988లో ఎలా భట్టు అధ్యక్షతన వెలువడిన ‘శ్రమశక్తి’ నివేదిక ఇంటియందు కూర్చుండి కూలికి పనిచేయు స్త్రీని పనివారి జాబితాలో చేర్చుమని గట్టిగ నడిగెను. 1991 జనగణనలో కుటుంబపు పొలమునగాని వ్యాపారమునగాని కూలి లేక చేసిన పనియు పనియేయని ప్రశ్నలోనే స్పష్టముగ చేర్చిరి. 2001లో ఇంటివాడుకకై పాడి చేయుటయు పనియైనది. 1995లో బీజింగు మహాసభ స్త్రీల పేదరికమును ప్రథమాంశముగ గైకొని, దానిని కొలుచు పద్ధతులను సవరించుకొనుడని ప్రభుత్వములను కోరెను. 1998–99లో దినమునందలి గంటల వినియోగమును కొలిచిన సర్వే ఆరు రాష్ట్రములలో జరిగినది. ఆంధ్రము అందులో లేదు. 2019లో దేశమంతట జరిగిన సర్వేలో, ఇంటిపని చేసినవారిని మాత్రమే లెక్కించినచో, స్త్రీకి దినమునకు 299 నిమిషములు, పురుషునికి 97. 2024లో 289, 88. అయిదేండ్లలో ఆమెకు పది నిమిషములు తగ్గినవి, అతనికి తొమ్మిది. 2013 ఆహారభద్రతా చట్టము రేషనుకార్డుపై పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీని ఇంటి యజమానురాలిగ వ్రాయుమన్నది. కార్డుపై యజమానురాలైనామె సర్వే పట్టికలో ఇప్పటికిని యజమానికి భార్యయే.

ఈ సవరణలన్నియు పని లెక్కను సరిచేసినంతగ పేదరికపు లెక్కను సరిచేయలేదనునది నా నిశ్చితాభిప్రాయము. ఇంటిని విడదీయక, తిండి, బట్ట, మందు, చేతిలోని డబ్బు, విశ్రాంతి ఎవరికెంత యని విడివిడిగ అడుగక, స్త్రీ పేదరికము ఇంత యని ఏ సర్కారును చెప్పజాలదు. విడదీసి అడుగుట కష్టమే. ముప్పది దినముల పప్పునూనెల లెక్క గుర్తుతెచ్చుకొని చెప్పించుట కూడ కష్టమే గాని, డెబ్బది యేండ్లుగ చెప్పించుచునే యున్నాము.

కోవిడు వలన వాయిదాపడిన జనగణనకు 2027 ఫిబ్రవరిలో ఇంటింటికి మనుష్యులు రానున్నారు. రాజోలులోనైనను, అమలాపురమునైనను, కొత్తపేటలోనైనను గణకుడు మీ అరుగుమీద కూర్చుండి ఇంటి ఆడువారేమి చేయుదురని యడిగినప్పుడు, పాఠకులారా, మీరు సమాధానము చెప్పక లోపలినుండి ఆమెనే పిలువుడు. లేసు అల్లునో, రేకులు తీయునో, పీచు వలుచునో, గేదె పాలు పితుకునో, ఏడాదిలో ఎన్ని నెలలు చేయునో ఆమెనే చెప్పనిండు. ఆమె చెప్పినది చెప్పినట్లు వ్రాసికొన్నగాని అతనిని పొరుగింటికి పంపకుడు.